ఊక బూడిద, కొబ్బరి చిప్పలతో తేలిక కాంక్రీటు: డాబా మీద గదులు వేసుకోవాలనుకునే విశాఖవాసికి జవాబు

పెందుర్తిలో మీకు పాతికేళ్ల కిందట కట్టిన జి ప్లస్ వన్ ఇల్లు ఉందని, డాబా మీద రెండు గదులు వేద్దామంటే పాత పిల్లర్ల మీద అంత బరువు వద్దని ఇంజనీరు అన్నారని రాశారు. నరసన్నపేట దగ్గర మీ బావగారికి రైస్ మిల్లు ఉంది, ఊక బూడిద ఊరికే దొరుకుతుంది. ఉద్దానంలో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. ఈ రెండూ కలిపి తేలిక కాంక్రీటు చేసుకుని శ్లాబు పోయొచ్చా, ఏది ఎంత కలపాలి, విశాఖ ఉప్పుగాలికి అది నిలుస్తుందా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. చిప్పలను గోడలకు వాడండి. శ్లాబులో, బీముల్లో, పిల్లర్లలో మాత్రం వద్దు. బూడిద మంచిదని ల్యాబులో తేలితే శ్లాబు కాంక్రీటులో వాడుకోవచ్చు, కానీ దానివల్ల బరువు తగ్గదు. ఎందుకో తెలిస్తే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఈ ఊళ్లో కాంక్రీటు పరీక్షలు, పాత భవనాల మరమ్మతుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పొలంలో మిగిలిపోయేవి కాంక్రీటులోకి రావాలని గట్టిగా కోరుకునేవాణ్ని. అవి తగని చోట పడి చెడ్డపేరు తెచ్చుకుంటే నాకు బాధేస్తుంది.

చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఊక బూడిద చేసేది సిమెంటు పని. కొబ్బరి చిప్ప చేసేది కంకర పని. ఒక ఘనపు మీటరు మామూలు కాంక్రీటు రమారమి 2400 కిలోలు తూగుతుంది. అందులో సిమెంటు 350 కిలోలు అనుకుంటే, కంకర, ఇసుక కలిపి 1850 కిలోల పైమాటే. అంటే బరువంతా రాయిలో ఉంది. సిమెంటులో పదో వంతు తీసేసి బూడిద వేశారనుకోండి, మారింది 35 కిలోల సరుకు. బూడిద సిమెంటు కన్నా తేలిక కాబట్టి కాస్త ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ మేరకు కంకర తగ్గుతుంది. అంతా కలిపితే 2400లో ఓ 15 కిలోలు తగ్గుతాయి. మీ పిల్లర్లకు ఆ తేడా తెలియనే తెలియదు. కాంక్రీటు తేలిక కావాలంటే కంకర స్థానంలో తేలిక సరుకు రావాలి, లేదా లోపల గాలి బుడగలు ఉండాలి. మూడో దారి లేదు.

ఇప్పుడు మీ డాబా మీద బరువు ఎక్కడుందో చూద్దాం. 12 అడుగులు ఇంటూ 12 అడుగుల గది తీసుకోండి. 5 అంగుళాల శ్లాబు వేస్తే స్టీలుతో కలిపి సుమారు 4.2 టన్నులు. దాన్నే చిప్ప కాంక్రీటుతో పోస్తే 3.5 టన్నుల దాకా వస్తుంది. మిగిలింది దాదాపు ముప్పాతిక టన్ను. అదే గదికి నాలుగు వైపులా 10 అడుగుల ఎత్తున 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ కట్టి రెండు వైపులా ప్లాస్టరింగ్ చేస్తే, తలుపులు కిటికీలు తీసేసినా 19 టన్నులు! ఘనపు మీటరుకు 1700 కిలోలుండే చిప్ప బ్లాకులతో 6 అంగుళాల గోడ కడితే అది 12 టన్నులకు దిగుతుంది. శ్లాబులో ముప్పాతిక టన్ను కోసం తంటాలు పడుతున్నాం, గోడలో 7 టన్నులు మన కళ్ల ముందే ఉన్నాయి. ఇందులో చాలా భాగం గోడ మందం తగ్గడం వల్ల వచ్చిందే, అది ఒప్పుకోవాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఇంకా తేలిక కదా అంటారేమో. లోపలి పార్టిషన్లకు సరే, బయటి గోడకు పెడితే తుపాను వానకు నీళ్లు ఇటు నుంచి అటు దిగిపోతాయి. మన ఊళ్లో ఆ గోడలకు బూజు పట్టిన బెడ్‌రూములు ఎన్నో చూశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. బరువు ఒక్కటే లెక్క అయితే బజార్లో దొరికే ఏఏసీ బ్లాకులను (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు బ్లాకులు) మించింది లేదు. వాటి సాంద్రత ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోలు. 6 అంగుళాల ఏఏసీ గోడ, ప్లాస్టరింగ్‌తో కలిపి, అదే గదికి 6 టన్నులే అవుతుంది. మీ ఇంజనీరు పిల్లర్లు చూసి మరీ గట్టిగా వద్దంటే ఏఏసీకే వెళ్లండి. చిప్ప బ్లాకు ఎప్పుడు మేలంటే, చిప్పలు మీకు తేరగా వస్తున్నప్పుడు, మీ దగ్గరే బ్లాకులు పోసుకునే చోటు, మనుషులు ఉన్నప్పుడు. దెబ్బకు అంత తొందరగా పెచ్చు ఊడదు, మేకు దిగితే పట్టుకుంటుంది. ఈ గుణాలు ఇంట్లో ఉండేవాళ్లకు రోజూ పనికొచ్చేవే.

చిప్పల సంగతి దగ్గరగా చెబుతాను, ఎందుకంటే తేడాలన్నీ ఇక్కడే వస్తాయి. కావలసింది ముదురు కాయ చిప్ప. కొబ్బరి తీసేశాక పీచు, లోపల అంటుకున్న కొబ్బరి పొర పూర్తిగా పోవాలి. ఆ పొరలో నూనె ఉంటుంది, సిమెంటు పేస్టు దానికి అతుక్కోదు. బాగా ఎండబెట్టి, క్రషర్‌లో వేసి, 12.5 మి.మీ. జల్లెడ దాటినదాన్నే తీసుకోవాలి, కింద రాలిన పొడి పక్కన పెట్టేయాలి. ఇలా తయారైన చిప్ప ముక్కలు వదులుగా కొలిస్తే ఘనపు మీటరుకు 650 కిలోల చుట్టూ ఉంటాయి, కంకరలో సగం కూడా కాదు. ఆర్కే బీచ్‌లో రోజూ పోగయ్యే బోండాల డొక్కలు వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. వాటికి గట్టి చిప్ప ఇంకా ఏర్పడి ఉండదు, ఉన్నదంతా తడి పీచే. కాంక్రీటుకు అవి పనికిరావు, పీచుకీ ఎరువుకీ పంపడమే మంచిది.

చిప్ప ముక్కలు నీళ్లను విపరీతంగా పీలుస్తాయి, తమ బరువులో దాదాపు నాలుగో వంతు దాకా. అందుకే ముందు రోజే డ్రమ్ముల్లో 24 గంటలు నానబెట్టాలి. పొద్దున్నే తీసి, నీడలో గోనెసంచుల మీద పరిచి, పైన నీళ్లు కారిపోయాక, ముక్క పట్టుకుంటే చెయ్యి తడవని స్థితిలో మిక్సర్లో వేయాలి. ఎండు చిప్పలు వేస్తే ఏమవుతుందో సైట్లో నిలబడి చూడాలి. మొదటి పది నిమిషాలు మిశ్రమం బాగానే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, ఎందుకంటే సిమెంటుకు పోసిన నీళ్లను చిప్పలు తాగేశాయి. మేస్త్రీ పైపు అందుకుంటాడు. ఆ నీళ్లతో బలం సగానికి పడిపోతుంది. బ్లాకు చూడ్డానికి మాత్రం నున్నగా ఉంటుంది, తేడా ప్రెస్సు కింద పెడితే గానీ బయటపడదు.

పరీక్షకు పోసి పగలగొట్టిన చిప్ప కాంక్రీటు క్యూబు ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే దీని బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. చిప్ప బయటి గరుకు వైపున సిమెంటు గార గట్టిగా పట్టుకుని ఉంటుంది. లోపలి నున్నటి వంపులో మాత్రం గార అద్దంలా ఊడి వచ్చేస్తుంది. చిప్ప ముక్క విరగదు, పక్కన ఉన్న అతుకే జారుతుంది. అందుకని చిప్పలు ఎంత గట్టివైనా మొత్తం బలం గార మీద, అంటే సిమెంటు మీద ఆధారపడుతుంది.

శ్లాబు వద్దనడానికి మొదటి కారణం ఇదే. చెన్నై దగ్గర ఎస్‌ఆర్‌ఎం యూనివర్సిటీలో కె. గుణశేఖరన్, ఆయన సహచరులు కొబ్బరి చిప్ప కాంక్రీటు మీద చాలా పని చేశారు. 25 మెగాపాస్కల్స్ (నొక్కుడుకు తట్టుకునే బలానికి కొలత) దాటిన బలం, 2000 కిలోల లోపు సాంద్రత సాధించారు. అది గొప్ప విషయమే. కానీ ఆ మిశ్రమంలో ఘనపు మీటరుకు 500 కిలోల పైగా సిమెంటు పడింది. మామూలు కంకరతో అదే బలం 320, 350 కిలోల సిమెంటుతో వచ్చేస్తుంది. పర్యావరణానికి కాంక్రీటు చేసే నష్టంలో పెద్ద వాటా సిమెంటుదే, సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ వల్ల. వ్యర్థం వాడామన్న తృప్తి కోసం సిమెంటు నూటయాభై కిలోలు పెంచుకుంటే మనం ఆదా చేసిందేమిటి? బ్లాకుల్లో ఈ చిక్కు తక్కువ, అక్కడ మనకు 25 అక్కర్లేదు. పార్టిషన్ గోడకు 4 వచ్చినా చాలు.

రెండో కారణం వంగడం. చిప్ప కాంక్రీటు గట్టిదనం, అంటే బరువు పడితే వంగకుండా ఎంత నిలబడుతుందన్నది, మామూలు కాంక్రీటులో సగం కూడా ఉండకపోవచ్చు. క్యూబు బలం సరిపోయినా శ్లాబు మధ్యలో ఎక్కువ దిగుతుంది. ఆరు నెలలకు తలుపు ఫ్రేము పట్టేస్తుంది, గోడ పైఅంచున వెంట్రుకలాంటి చీలిక వస్తుంది. ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మందం పెంచి సర్దుకోవచ్చు గానీ, అప్పుడు తగ్గిన బరువు తిరిగి వచ్చేస్తుంది.

మూడోది మన ఊరి గాలి. బీచ్ రోడ్డులో, పెదవాల్తేరులో పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద తల ఎత్తి చూడండి. పెచ్చులూడి, తుప్పుపట్టిన కమ్మీలు బయటపడి ఉంటాయి. కాంక్రీటులో ఉండే క్షారగుణం కమ్మీని కాపాడుతుంటుంది. సముద్రపు గాలిలోని క్లోరైడ్లు సన్నటి రంధ్రాల గుండా లోపలికి చేరితే ఆ కాపుదల పోతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కవర్‌ను, అంటే కమ్మీ మీదున్న కాంక్రీటు పొరను, పగలగొట్టుకుని బయటికి వస్తుంది. తీర ప్రాంతంలో స్టీలున్న కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటుకు భారత ప్రమాణాల కోడు) చెప్పేది కనీసం ఎం30 గ్రేడు (28 రోజులకు 30 మెగాపాస్కల్స్ బలం), నీరు సిమెంటు నిష్పత్తి 0.45కు మించకూడదు, ఘనపు మీటరుకు 320 కిలోలకు తగ్గకుండా సిమెంటు, 45 మి.మీ. కవర్. పెందుర్తి బీచ్ రోడ్డు అంత ఉప్పగా ఉండదు నిజమే. అయినా నీళ్లు పీల్చే చిప్పల కాంక్రీటులో కమ్మీ దాచి, ముప్పై ఏళ్లు ఉండమని నేను చెప్పలేను.

చిప్పలతో శ్లాబు బరువు తగ్గించాలన్న ఆశ ఇంకా ఉంటే, ఫిల్లర్ శ్లాబు (కింది భాగంలో కొంత కాంక్రీటుకు బదులు తేలిక సరుకు పెట్టే శ్లాబు) గురించి మీ ఇంజనీరుతో మాట్లాడండి. శ్లాబు కింది భాగంలో కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ లాగుడంతా కమ్మీదే. కమ్మీల గడుల మధ్య ఆ కాంక్రీటు తీసేసి పెంకులో, మట్టి గిన్నెలో బోర్లిస్తే పైభాగం, కమ్మీ చుట్టూ ఉన్న భాగం మాత్రం మంచి కాంక్రీటే ఉంటుంది. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో మంగళూరు పెంకులతో ఎన్నో ఇళ్లు ఇలా కట్టారు. అరచిప్పలను బోర్లించి కూడా ఇది చేయొచ్చు. ఇందులో సిమెంటు, బరువు, ఖర్చు మూడూ తగ్గుతాయి. కాకపోతే సెంట్రింగ్ వాళ్లకు ఓపిక ఉండాలి, ప్రతి కమ్మీకి చుట్టూ కవర్ దక్కాలి, పోసేటప్పుడు చిప్పలు జరగకుండా ఓ మనిషి కాపలా ఉండాలి. తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే ఈ పని పెట్టుకోవద్దు.

ఇక బూడిద. నాకు చాలా ఇష్టమైన సరుకు ఇది. ఒక టన్ను వడ్లు ఆడిస్తే 200 కిలోల దాకా ఊక, ఆ ఊక కాలిస్తే 40 కిలోల బూడిద వస్తుంది. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం మిగులుతుంది, ఆ సున్నం బలానికి పనికిరాదు. ఊక బూడిదలోని సిలికా దాంతో కలిసి, సిమెంటుకు బలాన్నిచ్చే జిగురు లాంటి పదార్థాన్నే ఇంకాస్త తయారుచేస్తుంది. రంధ్రాలు మూసుకుపోతాయి, క్లోరైడ్లకు దారి సన్నబడుతుంది. అందుకే ఈ బూడిద మన తీరానికి సరిగ్గా తగినది. 1970ల్లోనే అమెరికాలోని బర్క్‌లీలో ప్రొఫెసర్ పి.కె. మెహతా దీని మీద పనిచేసి ప్రపంచానికి చూపించారు. మన ఐఎస్ 456 కూడా 2000 నుంచే, తగిన గుణం, నిలకడ చూపితే అధికారి ఆమోదంతో ఊక బూడిద వాడుకోవచ్చని చెబుతోంది.

అయితే సిలికా ఉంటే సరిపోదు, ఆ సిలికా ఏ రూపంలో ఉందన్నదే అసలు విషయం. ఊకను 500 నుంచి 700 డిగ్రీల మధ్య, గాలి బాగా ఆడేలా కాలిస్తే సిలికా స్ఫటికం కట్టకుండా ఉంటుంది, సున్నంతో చురుగ్గా కలుస్తుంది. 800 దాటి చాలాసేపు మండితే అది గట్టి స్ఫటికమైపోతుంది. అప్పుడు అది మెత్తటి ఇసుకతో సమానం, ఏ పనీ చేయదు. పైగా ఆ స్ఫటిక ధూళి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, మిల్లులో బూడిద ఎత్తేవాళ్లకు మంచి మాస్కు తప్పనిసరి అని మీ బావగారికి చెప్పండి. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లు ఆవిరి కోసం పెట్టినవి, బూడిద నాణ్యత కోసం కాదు. అందుకని ఒకే బాయిలర్లో ఒక మూల కాలీకాలని నల్ల బొగ్గు, ఇంకో మూల అతిగా కాలిన తెల్ల బూడిద పక్కపక్కనే ఉంటాయి.

ఇంట్లోనే ఓ చూపు చూడొచ్చు. గాజుగ్లాసులో నీళ్లు తీసుకుని రెండు చెంచాల బూడిద వేసి కలిపి గంట వదిలేయండి. పైన నల్లటి మీగడలా తేలేదంతా మండని కార్బన్. అది ఎక్కువ ఉంటే కాంక్రీటు నీళ్లు ఎక్కువ అడుగుతుంది, కలిపిన రసాయన మందును కూడా అదే తాగేస్తుంది. బూడిద రంగు లేత బూడిదగా, గులాబీ ఛాయ లేకుండా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఈ చూపుతో పనికిరానిది తేలుతుంది గానీ, పనికొచ్చేదని రుజువు కాదు. రుజువుకు ల్యాబు కావాలి. మండించినప్పుడు తగ్గే బరువు ఎంత, సిలికా ఎంత, 45 మైక్రాన్ల జల్లెడ మీద ఎంత మిగిలింది, 28 రోజులకు బూడిద కలిపిన గార క్యూబు మామూలు క్యూబుతో పోలిస్తే ఎంత బలం చూపింది అన్న నాలుగూ అడగండి. ఫ్లై యాష్‌కు (థర్మల్ ప్లాంట్ల బొగ్గు బూడిద) ఐఎస్ 3812 పెట్టిన హద్దులు మంచి కొలబద్ద: మండించినప్పుడు 5 శాతానికి మించి తగ్గకూడదు, 45 మైక్రాన్ల మీద 34 శాతానికి మించి మిగలకూడదు, బలం మామూలు క్యూబులో 80 శాతానికి తగ్గకూడదు. ఊక బూడిద మొదటిదానిలోనే ఎక్కువగా తప్పుతుంది. ఇంకోటి, దీన్ని బాల్ మిల్లులో మెత్తగా రుబ్బకుండా వాడకూడదు. బాయిలర్ నుంచి వచ్చిన బూడిద ఊక ఆకారాన్నే అట్టిపెట్టుకుని లోపలంతా గుల్లగా ఉంటుంది, రుబ్బితేనే దాని శక్తి బయటికి వస్తుంది.

ఇవన్నీ దాటితే సిమెంటు బరువులో 10 శాతంతో మొదలుపెట్టండి, 15 దాటొద్దు. నీళ్లు పెంచకుండా సూపర్ ప్లాస్టిసైజర్ (మిశ్రమాన్ని జారుడుగా చేసే రసాయన మందు) వాడాలి. క్యూరింగ్ 7 రోజులు చాలనుకోవద్దు. ఖనిజ బూడిదలు కలిపిన కాంక్రీటుకు కనీసం 10 రోజులని కోడే చెబుతోంది, మన ఎండలకు 14 రోజులు గోనెపట్టాలు ఆరకుండా తడపండి.

ఇక్కడ చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. మీరు ఏ సిమెంటు కొంటున్నారు? బస్తా మీద పీపీసీ అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఫ్యాక్టరీలోనే కలిసిపోయి ఉంటుంది. పీఎస్‌సీ అయితే స్టీలు ప్లాంట్ల స్లాగు 25 నుంచి 70 శాతం ఉంటుంది. ఆ ఫ్లై యాష్ కూడా మిగిలిన సున్నంతోనే బతుకుతుంది. దాని మీద మళ్లీ ఊక బూడిద వేస్తే ఇద్దరికీ సున్నం చాలదు, మొదటి రోజుల బలం బాగా పడిపోతుంది, సెంట్రింగ్ విప్పే రోజు అయోమయం. ఊక బూడిద వాడాలనుకుంటే ఓపీసీ (బూడిద, స్లాగు కలపని మామూలు) సిమెంటు కొనండి. లేదా, రెండు గదుల శ్లాబుకు ఇంత హైరానా దేనికనుకుంటే, మంచి పీఎస్‌సీ గానీ పీపీసీ గానీ తెచ్చుకుని నీళ్లు 0.45 లోపు ఉంచండి, చాలు. పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు, ఇటు ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది. ఫ్లై యాష్, స్లాగు గుట్టలుగా ఉన్నచోట ఊక బూడిదను నరసన్నపేట నుంచి లారీలో తెప్పించి, రుబ్బించి, పరీక్షించి, అర లారీ కాంక్రీటులో వాడటం నా దృష్టిలో లాభసాటి కాదు. మీ బావగారు పెద్ద ఎత్తున చేయాలనుకుంటే మాత్రం లెక్క వేరు. బాయిలర్ మంటను అదుపులో పెట్టి, ఒకే రకం బూడిద ప్రతి రోజూ ఇవ్వగలిగితే, తీరం వెంట పని చేసే రెడీమిక్స్ ప్లాంట్లకు అది నిజంగా విలువైన సరుకు. ఉక్కు పరిశ్రమలోనూ కరిగిన ఉక్కు మీద వేడి నిలిపే పొడిగా ఊక బూడిదకు గిరాకీ ఉంది. అక్కడ స్ఫటికం కట్టినదైనా పనికొస్తుంది.

మిగతా వ్యర్థాల గురించి క్లుప్తంగా. అనకాపల్లి బెల్లం బట్టీల దగ్గర చెరకు పిప్పి చూసి, దాన్ని తరిగి బ్లాకుల్లో కలుపుదామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. పిప్పిలో మిగిలిన చక్కెర సిమెంటును గట్టిపడనివ్వదు, చాలా కొద్ది చక్కెర చాలు దానికి. పిప్పి బూడిద వేరు, కాలాక చక్కెర ఉండదు. చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల పిప్పి బూడిదను జల్లించి, రుబ్బి వాడితే ఊక బూడిద లాగే కొంత పని చేస్తుంది. బెల్లం పొయ్యిల బూడిదలో మట్టి, బొగ్గు ఎక్కువ, అది మడి గట్టుకే మంచిది. పలాస జీడి తొక్కల జోలికి అసలు వెళ్లొద్దు. ఆ తొక్కలోని ఘాటు నూనె చేతులు పొక్కిస్తుంది, సిమెంటును పట్టనివ్వదు. గోదావరి జిల్లాల పామాయిల్ గింజల చిప్ప మాత్రం కొబ్బరి చిప్పకు సాటి వచ్చేదే. మలేషియాలో దాని మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. మనకు అది బాయిలర్ల ఇంధనంగానే వెళ్లిపోతుంది.

చిప్ప బ్లాకులకు ఎంత కలపాలని అడిగారు కదా. కొలతతో 1 పాలు సిమెంటు, 2 పాళ్లు ఇసుక, 3 పాళ్లు నానబెట్టిన చిప్ప ముక్కలతో మొదలుపెట్టండి. దీనికి పీపీసీ సిమెంటే వాడొచ్చు. నీళ్లు తక్కువ, గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టి వేళ్ల సందుల్లోంచి కారకుండా ఉండాలి. వైబ్రేషన్ ఎక్కువసేపు పెడితే తేలికైన చిప్పలు పైకి వచ్చేస్తాయి, కొన్ని సెకన్లు చాలు. ఇది ప్రయోగానికి మొదటి మెట్టు మాత్రమే. ఓ డజను బ్లాకులు పోసి, 14 రోజులు తడిపి, 28 రోజులకు సగం బ్లాకులను ల్యాబులో నొక్కించి బలం చూడండి, మిగతా సగం పూర్తిగా ఆరనిచ్చి తూకం వేయండి, నీటిలో ముంచి ఎంత పీల్చాయో చూడండి. బలం 4 మెగాపాస్కల్స్ దాటుతూ, సాంద్రత 1700 దగ్గరుంటే పని మొదలుపెట్టొచ్చు. బలం బాగా ఎక్కువొస్తే సిమెంటు తగ్గించండి. తేలిక బ్లాకులకు ఐఎస్ 2185 రెండో భాగం ఉంది, ల్యాబుకు ఆ పద్ధతిలో పరీక్ష చేయమని చెప్పండి. గోడ కట్టే ముందు బ్లాకులు పూర్తిగా ఆరాలి. పచ్చిగా కడితే గోడలోనే కుంచించుకుని ప్లాస్టరింగ్ మీద చీలికలు తెస్తాయి. బయటి వైపు ప్లాస్టరింగ్ వాటర్‌ప్రూఫ్ కలిపి రెండు కోట్లు వేయించండి. బాత్రూము గోడలకు చిప్ప బ్లాకు వాడొద్దు.

గాలి గురించి ఒక్క మాట. విశాఖకు డిజైన్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో మనందరికీ తెలుసు. పైఅంతస్తు తేలికయ్యేకొద్దీ గాలి దాన్ని నెట్టడం సులువవుతుంది. గోడ తేలిక బ్లాకులదైతే లింటెల్ మట్టంలో నాలుగు వైపులా కాంక్రీటు బ్యాండు, పిల్లర్ల నుంచి గోడలోకి కమ్మీ ముక్కలు తప్పకుండా పెట్టించండి. పైన రేకులు వేయాలనుకుంటే ఆ హుక్కులు బీములోంచే రావాలి.

ఇవన్నీ చేసే ముందు మొదటి పని మీ పాత పిల్లర్లది. రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు (పగలగొట్టకుండా కాంక్రీటు స్థితి అంచనా వేసేవి), రెండు మూడు చోట్ల కోర్ (లోపలి కాంక్రీటు ముక్క) తీయించడం, కార్బొనేషన్ (గాలి చేరి కాంక్రీటు క్షారగుణం తగ్గడం) ఎంత లోతుకు దిగిందో చూడటం, ఒక ఫుటింగ్ (పిల్లరు పునాది) తవ్వి కొలవడం. వీటికయ్యే ఖర్చు గదుల ఖర్చులో చిన్న వంతే. ఇంజనీరు వద్దన్నది కళ్లతో చూసి చెప్పిన మాట అయితే, ఈ అంకెలు చేతికొచ్చాక ఆయనే ఎంత బరువు వరకు సరేనో టన్నుల్లో చెప్పగలరు. పై గోడలు పాత బీముల మీదే వచ్చేలా ప్లాను గీయించండి, శ్లాబు మధ్యలో ఏ గోడా పడకూడదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతికీ ఆ రిపోర్టు పనికొస్తుంది.

ఈలోగా మీ బావగారికి చెప్పి బాయిలర్ కింది నుంచి, చిమ్నీ దగ్గర నుంచి వేర్వేరు రోజుల్లో తలా అయిదేసి కిలోల బూడిద తీయించి, ఏ రోజుది ఏ చోటుదో సంచుల మీద రాయించి పెట్టండి. అన్నీ ఒకే కుప్పలో కలిపేసి పంపితే ల్యాబు రిపోర్టుతో మీకేమీ తేలదు.